చెవితో చదువు ఫోను: అంధులు తమ కాగితములను తామే భద్రపరచుకొను విధానము

కూకట్‌పల్లి ఒకప్పుడు హైదరాబాదు నగరమునకు వెలుపలనున్న గ్రామము. బొంబాయి రహదారి ప్రక్కన హౌసింగ్ బోర్డు వారు కాలనీ నిర్మించిన పిదప అది పట్టణమైనది. 2007వ సంవత్సరమున మహానగరములో కలిసిపోయినది. 1998 నవంబరులో సమీపమున సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుండి అచటికి జనప్రవాహము ఆగలేదు. సాంకేతిక విశ్వవిద్యాలయము, శిక్షణాలయములు, వీధివీధికిని వసతిగృహములు, పల్లె కూరగాయలు వచ్చి చేరు రైతుబజారు, ఇవన్నియు అచట కలవు. మన గ్రామములలో అనేక కుటుంబములకు కూకట్‌పల్లిలో ఒక కొడుకో, మేనకోడలో ఉండనే యుందురు. అట్లు వెళ్ళినవారిలో చూపు లేని యువతీయువకులును కలరు. 2017 నవంబరులో మియాపూరు నుండి మెట్రో రైలు నడచుట మొదలైన తరువాత, స్టేషను పేరును తెలుగులో ప్రకటించుట విని వారు తమంతట తాము దిగుచున్నారు. దారి కొంతవరకు సుగమమైనది. కాగితముల సంగతి అట్లు కాదు.

ఒక యువకుని ఊహించుకొందము. పాలమూరు ప్రాంతమున పుట్టినాడు, పుట్టుకతోనే చూపు లేదు, డిగ్రీ పూర్తిచేసి కూకట్‌పల్లిలో ఒక వసతిగృహమున ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుచున్నాడు. ఒకనాటి మధ్యాహ్నము ఊరినుండి తండ్రి ఫోను చేయును: "బిడ్డా, మండలాఫీసుల నీ సదరం కాగితం అడుగుతున్నరు, జల్ది పంపు." ఆ కాగితము అతని ఫోనులోనే కలదు. కాని దానితోపాటు ఇంకను ఎన్నో వందల చిత్రములు, పత్రములు కలవు; అది ఎచ్చట నున్నదో అతనికి తెలియదు. గదిలోని మిత్రుడు పనికి పోయినాడు, సాయంకాలము గాని రాడు. అప్పటికి కార్యాలయము మూయబడును. మిత్రుడు ఉన్నను మరియొక చిక్కు కలదు. కాగితము వెదకిపెట్టుమని ఫోను చేతికిచ్చినచో బ్యాంకు పుస్తకము, ఆధారు, ఇంటి ఉత్తరములు, వైద్యుని చీటీలు అన్నియు పరుల కంటబడును. కన్నులున్నవాడు తన బీరువా తాళమును ఇతరులకు ఇయ్యడు. కన్నులు లేనివాడు మాత్రము దినమునకు రెండుమారులు ఇయ్యవలసి వచ్చుచున్నది. ఈ అగత్యమును తొలగించు విద్య గలదు. అది కఠినమైనదియు గాదు.

ఆ విద్యకు ఆధారము స్క్రీన్ రీడర్ అను సాధనము. తెరమీద నున్న అక్షరములను, గుర్తులను, మీటల పేర్లను చదివి బిగ్గరగా వినిపించుటే దాని పని. 1980 ప్రాంతములలో ఇట్టి సాధనములు కంప్యూటర్లకు మాత్రమే ఉండెడివి, వెలయు అధికము. 2006వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అను అంధ యువకుడు ఎన్.వి.డి.ఎ. అను ఉచిత సాధనమును ఆరంభించుటతో కంప్యూటరు చదువు సామాన్యులకు అందినది. ఫోనుల విషయమున 2009వ సంవత్సరము ముఖ్యమైనది. ఆ ఏడే ఐఫోనులో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ప్రవేశించినవి. గూగుల్ సంస్థలో ఈ కార్యమునకు పాటుపడినవారిలో టి.వి. రామన్ ఒకరు, పూనాలో పుట్టి, పదునాలుగవ యేట చూపు కోల్పోయి, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన శాస్త్రజ్ఞుడు. నేడు సామాన్యపు ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ సాధారణముగా ముందే ఉండును. వేరుగ సొమ్ము చెల్లింపనక్కరలేదు. తెలుగు కంఠమును ఉచితముగనే దింపుకొనవచ్చును. 1951లో భారతీ బ్రెయిలు ఏర్పడి మన భాషలన్నిటికిని ఒకే చుక్కల లిపి కలిగినది గాని, బ్రెయిలు పుస్తకములు పల్లెకు చేరుట అరుదు. ఫోను మాత్రము చేరినది.

టాక్‌బ్యాక్ నడచుచుండగా ఫోను నడక మారును. ఒక్క తాకుతో ఏదియు తెరుచుకొనదు. వ్రేలు క్రిందనున్న దాని పేరు మాత్రము పలుకును. తెరువవలెనన్న, పేరు విన్న పిమ్మట తెరపై ఎచ్చటనైనను రెండుమారులు త్వరగా తట్టవలెను. వ్రేలిని కుడివైపునకు విసరినచో తరువాతి వస్తువు, ఎడమవైపునకు విసరినచో వెనుకటి వస్తువు పలుకును. జాబితాను జరుపుటకు రెండు వ్రేళ్ళు వాడవలెను. రెండుమారులు తట్టి రెండవ తట్టున వ్రేలు ఎత్తక నిలిపినచో ఒత్తిపట్టినట్లగును. ఫైళ్ళ పనిలో దీని అవసరము ఎక్కువ. వ్రేలిని క్రిందికి జార్చి అట్లే ఎడమకు త్రిప్పినచో వెనుకకు పోవచ్చును. ఇటీవలి ఫోనులలో మూడు వ్రేళ్ళతో ఒకమారు తాకినచో టాక్‌బ్యాక్ సొంత పట్టిక తెరుచుకొనును. మొదటి వారము చేయి తడబడును, కోపమును వచ్చును. సైకిలు నేర్చుకొన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఫైళ్ళ సంగతి. ఫోను లోపలి నిలువను ఒక పెద్ద బీరువాగా భావింపవచ్చును. అందలి అరలను ఫోల్డర్లు అందురు. కెమేరాతో తీసిన చిత్రములు డి.సి.ఐ.ఎం. అను అరలో, అంతర్జాలమునుండి దింపుకొన్నవి డౌన్‌లోడ్ అను అరలో పడును. వాట్సాప్‌లో వచ్చిన కాగితములు మాత్రము ఆండ్రాయిడ్, దానిలో మీడియా, దానిలో వాట్సాప్, ఇట్లు గదిలో గదిగా పోయి లోతున దాగియుండును. కన్నులున్నవాడు చిన్నచిన్న బొమ్మలను ఒక్క చూపున తేరిపారజూచి తనకు కావలసినదానిని పట్టుకొనును. చెవికి ఆ వెసులుబాటు లేదు. చెవి వరుసగా, ఒకదాని వెనుక ఒకటిగా మాత్రమే వినగలదు. మూడువందల ఫైళ్ళ అరలో రెండువందల తొంబదియవది కావలెనన్న, ఏర్పాటు లేనిచో, అన్ని పేర్లును వినవలసినదే. కనుక చూపులేనివారికి ఫైళ్ళను అమర్చుకొనుట సోకు కాదు, కాలమును కాపాడుకొను ఉపాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు పెట్టుట. ఫోను తనంతట తాను పెట్టు పేర్లు చెవికి శత్రువులు. కెమేరా చిత్రమునకు ఐ.ఎం.జి. అను మూడక్షరములును, ఆపై తేదీ, సమయము కలసిన అంకెల వరుసయు పేరగును. 2024 జూను 12వ తేదీ చిత్రమును కొన్ని కంఠములు "రెండు కోట్ల రెండు లక్షల నలభై వేల ఆరువందల పండ్రెండు" అని గంభీరముగా చదువును. ఇది ఎవరి ఆస్తి లెక్కయో యని ప్రక్కవాడు తిరిగి చూచును. వాట్సాప్ చిత్రముల పేర్లును ఇంచుమించు ఇట్టివే. ఇట్టి పేర్లు నూరు విన్నను కాగితమేదో తెలియదు. అందుచేత ముఖ్యమైన కాగితము చేరినవెంటనే, అదే పూట, దానికి పేరు మార్చవలెను. రేపు మారుతునన్న ఫైలు మరల దొరకుట కష్టము.

పేరులో తేడా తెలుపు మాట మొదట రావలెను. "సర్టిఫికెట్ సదరం", "సర్టిఫికెట్ కులం", "సర్టిఫికెట్ ఆదాయం" అని పెట్టినచో ప్రతిమారు మొదటి మాట వృథాగా వినవలెను. "సదరం సర్టిఫికెట్", "కులం సర్టిఫికెట్" అన్నచో మొదటి మాటతోనే తెలిసిపోవును. కాదనుకొన్నచో మాట పూర్తి కాకమునుపే వ్రేలు విసరి ముందుకు సాగవచ్చును. ఇంటిల్లిపాది కాగితములు ఒకే ఫోనులో ఉన్నప్పుడు మనిషి పేరు ముందు పెట్టుట మేలు: "అమ్మ ఆధార్", "నాయన పాస్‌బుక్". తేదీ అవసరమైనచో సంవత్సరము, నెల, దినము అను వరుసలో నడుమ అడ్డగీతలతో వ్రాయవలెను. అట్లు వ్రాసిన అంకెలు కోట్లు లక్షలు కాక విడివిడిగా వినవచ్చును, పేరుల వరుసలో అమర్చినప్పుడు కాలక్రమమున నిలుచును. తెలుగులో పేరు పెట్టుట ఇంపైనదే గాని, కొన్ని దరఖాస్తు సైట్లు తెలుగు పేరు గల ఫైలును స్వీకరింపవు. పరీక్ష దరఖాస్తులకు పంపు కాగితములకు చిన్న ఇంగ్లీషు పేరు, ఖాళీలు లేకుండ, పెట్టుకొనుట క్షేమము.

పేరు మార్చు పని ఎట్లనగా: ఫైల్స్ అను యాప్‌ను తెరువవలెను. గూగుల్ వారు దీనిని 2017 డిసెంబరులో మన దేశముననే మొదట ప్రకటించిరి. అనేక ఫోనులలో ఇది ముందే ఉండును. కావలసిన ఫైలు పేరు వినబడినపుడు రెండుమారులు తట్టి నిలిపిపట్టినచో అది ఎన్నుకొనబడినట్లు ఫోను చెప్పును. పిదప తెర పైభాగమున కుడిమూలకు వ్రేలు జరిపిన "మరిన్ని ఆప్షన్లు" అను మీట దొరకును. అందులో పేరు మార్చుట, వేరొక అరకు తరలించుట, నకలు తీయుట అను మాటలు కలవు. టైపు చేయుట శ్రమయనుకొన్నవారు కీబోర్డుపైనున్న మైకు మీటను తట్టి నోటితో పేరు చెప్పవచ్చును. చెప్పినది సరిగా పడినదో లేదో అక్షరాక్షరముగా వినుటకు, మూడు వ్రేళ్ళను ప్రక్కకు విసరి "అక్షరములు" అను చదువు పద్ధతిని ఎన్నుకొని, పిమ్మట ఒక వ్రేలిని పైకి గాని క్రిందికి గాని విసరవలెను. ఒక్క అంకె తప్పిన పాసుబుక్కు పేరు రేపు వెదకులాటలో దొరకదు.

తరలించుటకును నకలు తీయుటకును భేదము మరువరాదు. తరలించిన ఫైలు పాత చోట ఉండదు. నకలు తీసినచో రెండు చోట్లను ఉండి చోటు ఆక్రమించును. డాక్యుమెంట్స్ అను అరలో నాలుగైదు అరలు చేసికొన్న చాలును: గుర్తింపు, బ్యాంకు, చదువు, భూమి, వైద్యము. అరలో అర, దానిలో మరియొక అర అని లోతుకు పోవుట మంచిది కాదు. ప్రతి మెట్టున వినుట, తట్టుట, వెనుకకు వచ్చుట పెరుగును. పేర్లు చక్కగా పెట్టుకొన్నవారికి అరల అవసరమే తక్కువ. యాప్ పైభాగమున నున్న వెదకు గడిలో "సదరం" అని పలికినచో కాగితము ఎదుటికి వచ్చును. వెనుక మనము ఊహించుకొన్న యువకుడు ఇట్లు చేసికొనియున్నచో, తండ్రి ఫోను పెట్టివేసిన కొలది నిమిషములలోనే కాగితము మండల కార్యాలయమునకు చేరియుండెడిది.

తొలగించు విషయమున జాగ్రత్త మరింత కావలెను. ఫోను నిండినదని సూచన రాగానే "శుభ్రపరచుము" అను మీటలు పలుమారు ఎదురుపడును. అవి కొన్ని వేళల వాట్సాప్ చిత్రములను, దింపుకొన్న పత్రములను కూడ చెత్తగా చూపి తొలగింపుమని అడుగును. చూపున్నవాడు చిత్రమును చూచి ఆగును. వినువాడు అంకెల పేరు మాత్రమే విని ఆమోదించు ప్రమాదము కలదు. పేరు మార్చి వేరొక అరలో ఉంచిన కాగితమునకు ఈ భయము తగ్గును. ఫైల్స్ యాప్‌లో తొలగించినది వెంటనే నశింపదు. చెత్తబుట్టలో 30 దినములుండి పిదప శాశ్వతముగ పోవును. ఆలోపున తిరిగి తీసికొనవచ్చును. పోయినదనుకొన్న కాగితమునకై మీసేవకు పరుగిడుటకు ముందు ఆ బుట్టను ఒకమారు తెరచి వినుట మేలు.

ఫోనే పోయినచో ఏమగును? బస్సులో జారిపోవచ్చును, బావిలో పడవచ్చును. ముఖ్యమైన కాగితములకు రెండవ ప్రతి వేరొకచోట ఉండి తీరవలెను. గూగుల్ ఖాతాతో 15 జీ.బీ. వరకు ఉచిత నిలువ లభించును. మెయిలు, చిత్రములు, డ్రైవ్ మూటికిని కలిపి అంతయే. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన డిజిలాకర్‌లో ఆయా శాఖలు జారీచేసిన పత్రములను నేరుగా తెప్పించుకొనవచ్చును. అట్టి పత్రములకు మూల పత్రములతో సమానముగ చట్టపు గుర్తింపు కలదు. మనము ఫోటో తీసి అందు ఉంచినదానికి మాత్రము ఆ గుర్తింపు లేదు.

మోసగాండ్ర సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. రైతులకు పీ.ఎం. కిసాన్ పేరుతో, వాహనదారులకు చలానా పేరుతో, వాట్సాప్‌లో ఫైళ్ళు వచ్చుట, అవి తెరచినవారి ఖాతాలు ఖాళీయగుట పత్రికలలో చదువుచునే యున్నాము. అట్టి ఫైలు పేరు చివర ఏ.పీ.కే. అను మూడక్షరములుండును. అది కాగితము కాదు, ఫోనులో చొరబడు యాప్. చూపున్నవారు పేరు మొదటిభాగమును చూచి తట్టుదురు, తోకను గమనింపరు. టాక్‌బ్యాక్ పేరును చివరివరకు చదువును గనుక, ఓపికతో వినువానికి ఇందులో ఒక మేలు కలదు. పీ.డీ.ఎఫ్. అనిన కాగితము, జే.పీ.జీ. అనిన చిత్రము, ఏ.పీ.కే. అనిన ముట్టరాదు. మరియొక మెళకువ: టాక్‌బ్యాక్ తెరను చదువుటకు యాక్సెసిబిలిటీ అను అనుమతిని వాడును. తెరపైనున్న సమస్తమును చూచుటకు, మన బదులు తట్టుటకు వీలిచ్చు అనుమతి యది. అందుచేతనే దొంగ యాప్‌లు దానినే కోరును. తెలియని యాప్ ఏదైనను ఆ అనుమతి అడిగినచో నిరాకరింపవలెను. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇంతవరకు అంధులు నేర్వవలసినది. గ్రామమున నున్న మనము నేర్వవలసినదియు కొంత కలదు. పంచాయతీ కార్యాలయమున గోడకంటించిన ప్రకటనను ఫోటో తీసి గ్రామ వాట్సాప్ బృందమున పెట్టుట నేడు పరిపాటియైనది. టాక్‌బ్యాక్ దానిని "ఫోటో" అని మాత్రము చదివి ఊరకుండును. శిబిరము ఎన్నడు, ఏ కాగితములు తేవలెను, గడువు ఎప్పుడు అను సంగతులన్నియు ఆ ఒక్కమాట వెనుక ఉండిపోవును. బొమ్మలోని అక్షరములను గుర్తించి చదువు యాప్‌లు వచ్చినవి గాని, వంకరగా, మసకగా తీసిన తెలుగు ప్రకటనల యెదుట అవి తడబడుచున్నవి. పీ.డీ.ఎఫ్. అయినంతమాత్రమున చదువునని తలపరాదు. కాగితమును స్కాను చేసి చేసిన పీ.డీ.ఎఫ్. కూడ బొమ్మయే. పాతరకపు ముద్రణ ఫాంటులలో కూర్చిన తెలుగు మరింత విచిత్రము. కంటికి చక్కని తెలుగు, ఫోనుకు మాత్రము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గందరగోళము. యూనీకోడ్ తెలుగులో టైపుచేసిన నాలుగు పంక్తులు వీటన్నిటికంటె మేలు. ఫోటోతోపాటు క్రింద "సదరం శిబిరము, బుధవారము ఉదయము పది గంటలు, ఆధార్ తేవలెను" అని వ్రాయుటకు ఒక నిమిషము చాలును.

ఇది దయాదాక్షిణ్యముల ప్రశ్న కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 42వ విభాగమున, ముద్రిత, శ్రవ్య, ఎలక్ట్రానిక్ సమాచారమంతయు దివ్యాంగులకు అందుబాటగు రూపమున ఉండునట్లు ప్రభుత్వము చూడవలెనని విధించినది. 2025 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీంకోర్టు మరియొక అడుగు ముందుకు వేసి, అంకాత్మక సేవలను పొందుట జీవించు హక్కులో భాగమని చెప్పి, బ్యాంకులు మొదలగు సంస్థలు చేయు గుర్తింపు పరీక్షలు అంధులకు అనుకూలముగ నుండవలెనని ఆదేశించినది. 2011 జనగణన ప్రకారము దేశమున చూపులోపము గలవారు 50 లక్షలకు పైబడియున్నారు. కార్యాలయములలో పనిచేయువారు ప్రకటన పంపుటకు ముందు ఈ సంఖ్యను తలచుకొన్న చాలును.

నేర్చుకొనుటకు హైదరాబాదులో తావులు కలవు. 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో చికిత్సతో చూపు రానివారికి పునరావాస శిక్షణ ఇచ్చు విభాగము కలదు. కంప్యూటరును వినికిడితో వాడుట అందు నేర్పుదురు. దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన విద్యార్థులు ఉన్నత విద్యలకు పోయిరి. పల్లెను విడిచి రాలేనివారికి టాక్‌బ్యాక్‌లోనే పాఠము కలదు. దాని సెట్టింగులలో "ట్యుటోరియల్" అని వెదకినచో వ్రేళ్ళ విసురులన్నిటిని ఒక్కొక్కటిగ అభ్యాసము చేయించును. నేర్చునప్పుడు ఇంటివారు ఫోను లాగికొని "ఇటు తెమ్ము, నేను చేసెదను" అనకుండుట పెద్ద సాయము.

రహస్యము కాపాడుకొనుటకు రెండు మాటలు. బ్యాంకు కాగితములు తెరచునప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకొనవలెను. రెండు చెవులు మూసికొన్నచో దారిలో హారను వినబడదు. టాక్‌బ్యాక్ పట్టికలో "తెరను దాచుము" అను ఏర్పాటు కలదు. దానిని ఎన్నుకొన్నచో తెర నల్లబడి ప్రక్కవానికి ఏమియు కనబడదు, వినువాని పని మాత్రము సాగుచునే యుండును. బ్యాటరీయు కొంత మిగులును.

చదువురాని పెద్దలకును ఇందులో కొంత భాగము పనికివచ్చును. "సెలెక్ట్ టు స్పీక్" అను వేరొక ఏర్పాటును నడిపినచో, ఫోను నడక మారకుండగనే, ఎన్నుకొన్న పంక్తిని మాత్రము తెలుగులో చదివి వినిపించును. కొడుకు వ్రాసిన సందేశమును పొరుగింటివారిచే చదివించుకొను తల్లి దీనిని వాడవచ్చును.

చివరగా, చూపున్నవారి ఇండ్లలో తరచు జరుగు ఒక గడబిడ. పిల్లలు ఆటలో ఫోను రెండు శబ్దపు మీటలను కలిపి నొక్కినచో టాక్‌బ్యాక్ ఆకస్మికముగ నడువవచ్చును. ఫోను మాటలాడుచుండును, ఎంత తాకినను తెరుచుకొనదు. చెడిపోయినదని మరమ్మతు దుకాణమునకు కొనిపోయి సొమ్ము ఇచ్చినవారును ఉన్నారు. అవే రెండు మీటలను మూడు క్షణములపాటు ఒకేమారు నొక్కిపట్టినచో అది ఆగిపోవును. ఆగనిచో సెట్టింగులలోని యాక్సెసిబిలిటీకి పోయి, ప్రతి మీటను ఒకమారు తాకి, పిదప రెండుమారులు తట్టుచు, టాక్‌బ్యాక్‌ను నిలిపివేయవలెను.